ఐదు అదనపు ఉపకరణాలు

ఆర్థిక శాఖ,
ప్రచురణల విభాగం, మూడో అంతస్తు.

అక్కకి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. నువ్వూ పిన్నీ క్షేమమని తలుస్తాను. 'పై విషయమై తమకు తెలియజేయునది' అని మొదలుపెట్టి కొట్టేశాను, పైన ఆ గీత అదే. చేతికి ఆఫీసు అలవాటు పట్టేసింది, నవ్వకు.

విషయం ఏమిటంటే, మా శాఖ ఒక పుస్తకం వేస్తోంది. పేరు 'అందరికీ అర్థశాస్త్రం'. శ్రమ, వేతనం, లోటు, తరుగుదల, పరికరాలు, ఇలాంటి మాటలన్నిటికీ తేలిక భాషలో అర్థాలు రాయాలి. ఆ పని నాకు అప్పగించారు. మా డైరెక్టరు గారు ఒక నియమం పెట్టారు. ప్రతి మాటకీ నిజజీవితంలోంచి ఒక ఉదాహరణ ఉండాలి, ఆ ఉదాహరణకి రాతపూర్వకమైన ఆధారం ఉండాలి. అందుకే ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో నువ్వు చెప్పింది ఫైలుకెక్కదు.

నాకు తెలిసిన నిజజీవితం నీ లాండ్రీ ఒక్కటే. ఈ మూడో అంతస్తులో దొరికేదంతా కాగితాలూ కాఫీలూ. కాబట్టి మీరు ఏం చేస్తారు, ఎలా చేస్తారు, నీకు తోచినట్టు రాసి పంపు. భాష సంగతి నేను చూసుకుంటాను.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

---

ఆసుపత్రి లాండ్రీ,
వార్డుల వెనక.

ఒరేయ్ తమ్ముడూ,

చిన్నప్పుడు నీ చొక్కా ఉతకమంటే కాళ్ళకి బుద్ధి చెప్పేవాడివి. ఇప్పుడు ఉతకడం గురించి రాయమని నన్నడుగుతున్నావు. సరే విను.

మేం ఆరుగురం. నేను మేస్త్రీని. పిన్ని సంగతి నీకు తెలుసు, అందరికన్నా పాతది, నన్ను ఈ పనిలో పెట్టించింది కూడా తనే. సోడా నీళ్ళు కలిపే ఆవిడని సబ్బు వదిన అంటాం. ఇద్దరు తోడికోడళ్ళున్నారు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు, కానీ ఒకే దుప్పటికి ఆ కొస ఒకరూ ఈ కొస ఒకరూ పట్టుకుని పిండుతారు. ఎంత కోపం ఉంటే దుప్పటి అంత బాగా ఆరుతుంది. ఆఖరిది పొట్టిది, కొత్తగా చేరింది, ఇంట్లో చంటిపిల్ల ఉంది, అయినా ఒక్కపూట నాగా పెట్టదు.

రక్తం మరకలు చన్నీళ్ళలో నానాలి. ఆపరేషను గుడ్డలు విడిగా ఉడకాలి. మిగతావి తొట్టిలో ముంచి, బండ మీద బాది, పిండి, డాబా మీద తీగలకి వెయ్యాలి. పాత మిషను ఒకటుండేది, నేను చేరిన ఏడాదే కన్నుమూసింది. ఇప్పుడు దాని మీద సబ్బు డబ్బాలు పెట్టుకుంటున్నాం. నీ సర్కారు ఒక మంచి మిషను ఇస్తే ఆరుగురం ఎందుకురా, స్విచ్చి నొక్కడానికి ఒక్క వేలు చాలు, మిగతా అయిదుగురూ కాళ్ళు చాపుకుని కబుర్లు చెప్పుకుంటారు. ఆ తోడికోడళ్ళు కూడా మాట్లాడుకుంటారేమో.

లోటు అంటే ఏమిటో పిన్నిని అడిగాను. 'దానికి పుస్తకమెందుకే, మన బియ్యం డబ్బా మూత తీసి చూపించు' అంది. ఇంకో ఏడాదిన్నరలో తనకి పింఛను వస్తుంది. పింఛను వచ్చిన రోజు నుంచి తడిగుడ్డ ముట్టుకోనని ఒట్టేసింది. మడమలు పగిలి, గోళ్ళు తెల్లబడిపోయాయి తనకి. ఆ రోజు కోసమే లేస్తోంది, ఆ రోజు కోసమే పడుకుంటోంది.

నీ అక్క

---

ఆర్థిక శాఖ, మూడో అంతస్తు.

అక్కా,

నా నెత్తిన పాలు పోశావు! నీ ఉత్తరం చూసి డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. ఇలాంటి ఆధారం ఇంతవరకూ ఏ గుమాస్తా తేలేదట. పుస్తకం అచ్చయింది. నీ వాక్యం ఎక్కడ పెట్టానో చూడు:

'ఉత్పాదకత: తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితము సాధించుట. ఉదాహరణ: ఒకానొక ప్రభుత్వ ఆసుపత్రి లాండ్రీలో ఆరుగురు చేయు పనిని, ఆధునిక యంత్రము వచ్చిన పిమ్మట, ఒక్క వేలు చేయుచున్నది.'

మిషను ఇంకా రాలేదు కదా అని నువ్వంటావు. నేనూ అన్నాను. 'సర్కారు పుస్తకంలో జరగబోయేది రాయకూడదయ్యా, జరిగిందే రాయాలి, లేకపోతే జనానికి నమ్మకం పోతుంది' అన్నారు డైరెక్టరు గారు. అందుకని జరిగినట్టు రాశాను. ఎవరికి నష్టం చెప్పు?

ఇంకో మాట. మంత్రిగారు బడ్జెట్ ప్రసంగంలో ఆ వేలి సంగతి చదివారు. సభ్యులందరూ బల్లలు చరిచారట. మన ఇంటి మాట అంత పెద్ద సభలో వినపడిందని నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

నీ తమ్ముడు

---

లాండ్రీ వరండా.

ఒరేయ్,

నీ మిషను వచ్చింది. పెద్ద లారీలో, దండ వేసుకుని మరీ వచ్చింది. తలుపు చాలకపోతే గోడ పగలగొట్టారు. అయినా లోపలికి వెళ్ళలేదు, పైకప్పు తగులుతుందట. వరండాలో పెట్టి, పట్టా కప్పి, తాళం వేసి పోయారు. ఇప్పుడు మేం తడి బుట్టలు మోసుకుంటూ దాని చుట్టూ తిరిగి డాబా ఎక్కుతున్నాం.

నడిపిద్దామంటే దానికి పెద్ద కరెంటు తీగ కావాలి, వేడినీళ్ళ పైపు కావాలి. సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను. పాపం ఆయన మంచివాడే, పాఠం చెప్పినట్టు చెప్పాడు. మిషను మూలధన వ్యయమట, దానికి డబ్బులున్నాయట. తీగా పైపూ రెవెన్యూ వ్యయమట, దాని మీద పొదుపు చర్యలు పెట్టారట. 'మరి తీగ లేకుండా మిషనెందుకు కొన్నారండీ' అన్నాను. 'కొనడానికి డబ్బుంది కాబట్టి కొన్నారమ్మా' అన్నాడు.

అది నవ్వుకుని వదిలేద్దును. ఇవాళ ఉత్తర్వు వచ్చింది. యంత్రం వచ్చి పని చేయుచున్నదని సర్కారు పుస్తకంలో ఉంది కాబట్టి, ఆరు ఉద్యోగాల్లో అయిదు రద్దు. ఈ ఆర్థిక సంవత్సరం చివరి రోజున అయిదుగురూ ఇళ్ళకి పోవాలి. స్విచ్చి నొక్కడానికి ఒకరు ఉండాలి, మేస్త్రీని కాబట్టి ఆ వేలు నాదేనట.

పిన్నికి పింఛనుకి ఇంకా ఏడాది పైన ఉంది. మధ్యలో తీసేస్తే ఒక్క పైసా రాదు. ఈ సంగతి తనకింకా చెప్పలేదు. నువ్వు రాసిన మాటే కదా, నువ్వే చెరిపెయ్యి. ఆలస్యం చెయ్యకు.

అక్క

---

ఆర్థిక శాఖ, నాలుగో అంతస్తు.

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చేరింది. నీ బాధ నాకు అర్థమైంది. అయితే విషయాన్ని విశాలంగా చూడాలి. కొత్త పరికరం వచ్చినప్పుడు కొంత శ్రమ మిగులుతుంది. దీన్ని మిగులు శ్రమ అంటారు. మిగిలిన శ్రమ కాలక్రమేణా ఇతర రంగాలకి తరలుతుంది. ఈలోగా కలిగే ఇబ్బందిని తాత్కాలిక నిరుద్యోగం అంటారు. పుస్తకంలో పన్నెండో పేజీలో ఉంది, ఒక ప్రతి పంపుతున్నాను, పిన్నికి చదివి వినిపించు.

చెరిపెయ్యడం అంత తేలిక కాదు. మంత్రిగారు సభలో చదివేశారు. అయిదు జీతాలు ఆదా అయినట్టు లెక్కల్లో వచ్చేసింది, ఆ ఆదాని ఇంకో చోట ఖర్చు కూడా చేసేశారు. ఇప్పుడు నేను లేచి అదంతా అబద్ధమంటే ఎక్కడెక్కడ ఏమేం కూలుతుందో నాకే తెలియదు.

చూస్తాను. నన్ను పని మీద పని కమ్మేసింది, ఇక్కడి కుర్చీ కొత్తది, ఇంకా అలవాటు కావాలి.

తమ్ముడు

---

లాండ్రీ.

నాలుగో అంతస్తు ఎప్పుడెక్కావురా? కుర్చీ కొత్తదా? తిరుగుతుందా? మా అయిదుగురి పొట్ట కొట్టి నీకు ప్రమోషనిచ్చారని ఒక్క ముక్క రాయడానికి నీ చెయ్యి రాలేదు కదూ. నీళ్ళు నములుతూ పన్నెండో పేజీ చదవమంటావా?

చదివి వినిపించాను. పిన్ని శ్రద్ధగా వింది. 'మిగులు అంటే ఎక్కువైందనేగా అర్థం. నేనెప్పుడు ఎక్కువయ్యానే వాడికి?' అంది. ఆ తర్వాత అన్నం తినలేదు.

అమ్మ పోయాక మనిద్దరినీ ఎవరు సాకారో మర్చిపోయావా? పగలు లాండ్రీలో బాది, సాయంత్రం డాక్టర్ల ఇళ్ళలో బాది, నీ పరీక్ష ఫీజు కట్టింది ఏ రంగం శ్రమో ఆ పుస్తకంలో ఎక్కడుంది? పేజీ నంబరు చెప్పు, చదువుకుంటాను.

నా వేలు నాకేం అక్కర్లేదు. అది తీసి పిన్నికివ్వమంటే 'మేస్త్రీకే వర్తిస్తుంది' అన్నారు. ఏదో ఒకటి చేసి చావు. చెయ్యకపోతే నాకిక ఉత్తరం రాయకు.

---

ఆర్థిక శాఖ, నాలుగో అంతస్తు.

అక్కా,

కోపం వదిలి ఈ ఉత్తరం నెమ్మదిగా చదువు. దారి దొరికింది!

జీతాలకి డబ్బు లేదు. కానీ పరికరాలకి ఉంది, బోలెడు ఉంది, సంవత్సరం చివరిలోగా ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుందని పైవాళ్ళు కంగారు పడుతున్నారు. మీ మిషను కొన్న కాగితాల్లో చివర ఒక ఖాళీ గడి ఉంది: 'అదనపు ఉపకరణములు, ఏవేని ఉన్నచో.' గొట్టాలూ బుట్టలూ లాంటివి రాసుకోడానికి పెట్టారు. అక్కడ నేను 'అయిదు' అని రాశాను. మిషను నడవడానికి కావలసినవే కదా అవి. నెలనెలా వాటి నిర్వహణకి ఇంత అని మంజూరు చేయించాను. ఇంతా అంతా కాదు, సరిగ్గా అయిదు జీతాలంత!

ఉద్యోగాలు రద్దయినట్టే ఉంటాయి, మంత్రిగారి మాటా నిలబడుతుంది. మీరందరూ ఎప్పటిలాగే పనికి వస్తారు, డబ్బు ఎప్పటిలాగే వస్తుంది. కాగితం మీద మాత్రం అయిదుగురూ పరికరాల కింద ఉంటారు. పేరులో ఏముందక్కా? సంతకం పెట్టాక నా తెలివికి నేనే ముక్కున వేలేసుకున్నాను. డైరెక్టరు గారు చదవకుండానే సంతకం చేశారు, పరికరాల ఫైళ్ళు ఆయన చదవరు.

ఇప్పుడైనా పిన్ని అన్నం తిందా?

నీ తమ్ముడు

---

లాండ్రీ.

ఒరేయ్ బడుద్ధాయ్,

తింది. రెండు పూటలా తింది. నువ్వు ఎంత గడుసువాడివిరా! ఉత్తరం చదివి వినిపిస్తే సబ్బు వదిన తొట్టి గట్టు మీద కూలబడి ఏడ్చేసింది, పొట్టిది నా మెడ పట్టుకుని ఊపేసింది. తోడికోడళ్ళు మాత్రం చెరో వైపు తిరిగి నవ్వారు. నిన్ను తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నాను, కుర్చీ సంగతి తప్ప.

ఇక్కడి వేడుకలు విను. స్టోరు గుమాస్తా వచ్చి, పరికరాలన్నిటికీ నంబరు బిళ్ళలు కొట్టాలన్నాడు. మేకులు తెచ్చుకున్నాడు. మనుషుల్ని చూసి బిక్కమొహం వేశాడు. చివరికి దారం కట్టి మెడలో వేసుకోమన్నాడు. పిన్నిది ఒకటో నంబరు. మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది.

అయిదు ఉపకరణాలకీ నేను బాధ్యురాలినట, సంతకం పెట్టించుకున్నారు. ఒక్కటి తగ్గినా నా జీతంలో కోస్తారట. అందుకని పొట్టిది నీళ్ళు తాగడానికి వెళ్ళినా వెనకాలే తొంగి చూస్తున్నాను.

మొన్న సబ్బు వదినకి నడుం పట్టేసింది. సెలవు చీటీ పంపితే పరికరానికి సెలవు ఉండదన్నారు. మరమ్మతుకి రాసుకోమన్నారు. రాశాను. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి వడ్రంగి సుత్తీ స్క్రూ డ్రైవరూ పట్టుకుని వచ్చాడు, 'ఎక్కడ వదులైందండీ?' అంటూ. వదిన ఆ నొప్పిలోనూ పడీపడీ నవ్వింది. వడ్రంగి మంచివాడు, వాళ్ళావిడ వాడే నొప్పుల నూనె సీసా తెచ్చిచ్చి 'మరమ్మతు పూర్తి' అని రాసి వెళ్ళాడు.

ఒక్కటి అడగాలి. నీ ఉత్తరంలో జీతం గురించి రాశావు, పిన్ని పింఛను గురించి రాయలేదు. అదీ ఎప్పటిలాగే వస్తుంది కదూ?

అక్క

---

ఆర్థిక శాఖ, నాలుగో అంతస్తు.

అక్కా,

పని ఒత్తిడి వల్ల ఆలస్యమైంది. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి. వడ్రంగి సంగతి చదివి చాలా నవ్వుకున్నాను. పొట్టిదాని పాపని అడిగానని చెప్పు. మిగతా విషయాలు వీలు చూసుకుని రాస్తాను.

తమ్ముడు

---

లాండ్రీ.

తమ్ముడూ,

నీకు వీలు ఎప్పుడు చిక్కుతుందో గానీ, ఇక్కడ లెక్కల వాళ్ళు వచ్చి వెళ్ళారు. పరికరాల విలువ ఏటా తరుగుతుందట. తరుగుదల అని నీ పుస్తకంలో కూడా ఉందట. ఎవరు ఎప్పుడు చేరారో చూసి, ఎంత అరిగారో లెక్క కట్టి, నెల డబ్బులో ఆ మేరకు కోసేశారు. తోడికోడళ్ళకి సగం పోయింది. వరండాలో ఉన్న మిషను సంగతి అడిగాను. దాని విలువ చెక్కు చెదరలేదట. ఒక్క దుప్పటీ ఉతకలేదు కదా, అరగలేదట. అరిగింది మేమేనట.

లాండ్రీ పరికరం ఆయుర్దాయం పాతికేళ్ళట. పిన్ని చేరి అంతకన్నా చాలా ఎక్కువైంది. తన విలువ సున్నా అన్నారు. సున్నా అని రాయడానికి గడి ఒప్పుకోదట, అందుకని నామమాత్రంగా కవర్లో ఒక్క నాణెం పెట్టి ఇచ్చారు. పిన్ని అది అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కొంగున ముడేసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. తను తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఇవాళ ఇంకో కాగితం వచ్చింది. ఆయుర్దాయం తీరిన ఒకటో నంబరు ఉపకరణాన్ని వచ్చే నెల వేలం వేస్తారు. పాత మంచాలూ తుప్పుపట్టిన బకెట్లతో పాటు. బాధ్యురాలిగా నేను దగ్గరుండి అప్పగించాలి.

వేళాకోళం కాదురా. పింఛను వస్తుందా రాదా? ఒక్క మాట. అవునో కాదో.

అక్క

---

ఆర్థిక శాఖ.

అక్కా,

కాదు.

పరికరాలకి పింఛను లేదు. ఆ గడి నింపిన రోజే నాకు తెలుసు. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు. ముందు జీతం నిలబెడదాం, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఇక్కడ అందరం అన్నీ తర్వాతే చూస్తాం.

వేలానికి రాలేను. నేనే ఆ కాగితం సృష్టించానని బయటపడితే నా ఉద్యోగం ఉండదు. అయినా భయపడకు, మనిషిని ఎవరు కొంటారు? పాట పాడేవాళ్ళు లేక వాయిదా పడుతుంది. వాయిదా పడ్డాక ఏదో ఒకటి చూస్తాను.

నన్ను తిట్టు. తిట్టి ఉత్తరం మాత్రం రాయి.

తమ్ముడు

---

లాండ్రీ.

తిట్టే ఓపిక లేదు. జరిగింది రాస్తాను, చదువుకో.

ఆసుపత్రి వెనక పెరట్లో వేలం. విరిగిన మంచాలు, చక్రం లేని స్ట్రెచర్లు, బకెట్లు, వాటి పక్కన స్టూలు మీద పిన్ని. ఉతికిన చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది. బిళ్ళ మెడలో ఉంది. మేం అందరం వెనకాల నిలబడ్డాం. పని ఆపేసి వచ్చాం, తొట్లలో గుడ్డలు అలాగే వదిలేసి.

వేలం అధికారి కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కొక్కటీ చదివాడు. మంచాలు పోయాయి, బకెట్లు పోయాయి. 'తర్వాతది ఒకటో నంబరు ఉపకరణం, లాండ్రీది, వాడుకలో అరిగినది' అన్నాడు తలెత్తకుండా. పాత సామాన్ల వ్యాపారి చుట్టూ చూసి, 'సరుకెక్కడండీ?' అన్నాడు.

'ఇక్కడే నాయనా' అంది పిన్ని.

అతను ఒకడుగు వెనక్కి వేశాడు. 'బాబోయ్, మాట్లాడే సామాను నేను కొనను. నా కొట్లో ఇప్పటికే మా ఆవిడుంది' అన్నాడు. అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. అధికారిని అడిగింది: 'నాకు ధర ఎంత పెట్టారు బాబూ?'

ఆయన కాగితం చూసి చెప్పాడు. కవర్లో ఇచ్చిన నాణెమే.

'తక్కువ' అంది పిన్ని. గట్టిగానే అంది. 'ఈ ఊళ్ళో పుట్టిన పిల్లల్లో సగం మందిని నేనుతికిన గుడ్డలో చుట్టారు. చచ్చిపోయినవాళ్ళని నేనుతికిన గుడ్డ కప్పి పంపారు. నన్ను బకెట్ల పక్కన కూచోబెట్టి, బకెట్ కన్నా తక్కువ ధర చెప్తావా? నేను ఒప్పుకోను.'

ఇంతసేపూ కాగితంలోంచి తల ఎత్తని ఆ అధికారి అప్పుడు తనని చూశాడు. పాపం, ఆయనకీ ఒక గడి ఉంది: 'వస్తువు అమ్ముడుపోనిచో కారణము.' కలం పట్టుకుని దిక్కులు చూస్తుంటే, 'ఉన్నదున్నట్టు రాయండి' అన్నాను. రాశాడు. నా చేత సాక్షి సంతకం పెట్టించుకున్నాడు కాబట్టి ప్రతి మాటా నాకు గుర్తుంది:

'సదరు వస్తువు మాట్లాడినది. తన ధర తక్కువగా ఉన్నదని అభ్యంతరము తెలిపినది. పరిశీలించగా సదరు వస్తువు మనిషి అని తేలినది. మనిషిని వేలము వేయుటకు నిబంధనలు లేవు. తగు ఉత్తర్వుల నిమిత్తము ఆర్థిక శాఖకు పంపడమైనది.'

ఆ ఫైలు నీ నాలుగో అంతస్తుకే వస్తోంది. పిన్ని మనిషా, సామానా అని నువ్వు సంతకం పెట్టాలి. చదువుకున్నావు కదా, నీకే వదిలేస్తున్నాను.

అక్క

---

ఆర్థిక శాఖ,
గిడ్డంగి, నేలమాళిగ.

అక్కా,

ఫైలు వచ్చింది. డైరెక్టరు గారు తలుపు మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, తండ్రిలా చెప్పారు. 'ఇందులో ఏముందయ్యా! వస్తువు పూర్తిగా పాడైనందున అమ్ముడుపోలేదు, పారవేయవచ్చు అని ఒక్క వాక్యం రాయి. నీ జోలికీ నా జోలికీ ఎవరూ రారు. కాదూ మనిషని ఒప్పుకున్నావో, మనిషిని సామాన్లలో ఎవరు రాశారని అడుగుతారు.'

నేను కలం తీసుకున్నాను. నిజం చెబుతున్నానక్కా, ఆయన చెప్పినట్టు రాద్దామనే తీసుకున్నాను. 'వస్తువు' దాకా రాశాను. అక్కడ ఆగిపోయాను. పాడైనది అని రాయాలంటే పిన్ని మడమలు కళ్ళముందుకొచ్చాయి. నాకు జ్వరమొస్తే ఆ చల్లటి చెయ్యి నుదుటి మీద పెట్టి పడుకోబెట్టేది. ఎప్పుడూ సోడా వాసన. ఆ మాట కొట్టేసి ఇలా రాశాను: 'మనిషే. ఉపకరణముగా నమోదు చేసినది నేనే. మొదటి రోజు నుండి నేటి వరకు ఉద్యోగిగానే భావించి, తక్కువైన నెలలను మన్నించి, పింఛను మంజూరు చేయవలెను.' సంతకం పెట్టి, ఆయన చేతికివ్వకుండా నేరుగా ఖజానాకి నడిచి ఇచ్చేసి వచ్చాను.

ఆయన నా మొహం చూడలేదు. సాయంత్రానికి నన్ను గిడ్డంగికి వేశారు. ఇక్కడ విరిగిన కుర్చీల మధ్య కూర్చుని విరిగిన కుర్చీలు లెక్కపెడుతున్నాను. కిటికీ లేదు. అయినా చాలా నెలల తర్వాత రాత్రి నిద్ర పట్టింది.

పిన్నికి నా మొహం చూపించాలంటే సిగ్గుగా ఉంది. రమ్మంటే వస్తాను.

తమ్ముడు

---

ఇంటి దగ్గర నుంచి.

తమ్ముడూ,

పింఛను వచ్చింది. మొదటి నెలది పిన్ని స్వయంగా వెళ్ళి తెచ్చుకుంది. ఇంటికొచ్చి చేతులు తుడుచుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. తడిగుడ్డ అందిస్తే ముట్టుకోలేదు, అన్న మాట మీదే ఉంది. నువ్వు రాసింది చదివి వినిపిస్తే, 'వాడు చిన్నప్పుడూ అంతే, ఆఖరి నిమిషంలో చదివి గట్టెక్కేవాడు' అంది. వెంటనే రమ్మంది. సిగ్గు అక్కడే కుర్చీల మధ్య వదిలేసి రా.

మిగతా నలుగురి సంగతి కూడా అడిగాను, పిన్నికి చేసినట్టే వాళ్ళకీ చెయ్యండని. సూపరింటెండెంటు గారు నిబంధన తీసి చూపించాడు. ఆయుర్దాయం తీరితే గానీ వేలానికి పెట్టకూడదట. వేలంలో అమ్ముడుపోకపోతే గానీ కారణం రాయకూడదట. కారణం రాస్తే గానీ మనిషని తేలదట. 'వాళ్ళు ఇప్పుడే మాట్లాడుతున్నారు కదండీ' అన్నాను. 'మాట్లాడతారమ్మా, ఏ గడిలో రాయను?' అన్నాడు.

అంతవరకూ నలుగురూ సామాన్లే. నేను బాధ్యురాలిని. మిషను వరండాలో కొత్తగానే ఉంది.

పొట్టిది అడిగింది: 'అక్కా, నేను మనిషిని కావాలంటే ఇంకా ఎన్నేళ్ళు పడుతుంది?' చేరి రెండేళ్ళే అయింది దానికి. ఇరవై మూడు అని చెప్పాను. అది వేళ్ళు మడిచి తన పాప వయసుతో కలిపి ఏదో లెక్క వేసుకుంది.

'పరవాలేదులే, దాని పెళ్ళికల్లా మనిషినైపోతాను' అంది. బిళ్ళ తడవకుండా జాకెట్లో దోపుకుని, గుడ్డలు ముంచడానికి వెళ్ళింది.

నీ అక్క